పొలాల మీదుగా పరుగుబాటలు

పరుగు మానవునికి సహజంగా అబ్బిన విద్య. నడక నేర్చిన పసివాడు కొన్నాళ్లకే పరుగుకు ఉబలాటపడతాడు. ఆధునిక నగరజీవితం ఈ విద్యను క్రమంగా గీతలు గీసిన మైదానానికి, చివరకు గదిలోని యంత్రానికి పరిమితం చేసింది. ఇంగ్లండు పల్లెసీమలో మాత్రం పరుగుకు నేటికీ ఆరుబయలే రంగస్థలం. అక్కడ ఒక గ్రామంలో బయలుదేరిన వ్యక్తి గోధుమచేల నడుమ, గొర్రెల మందల పక్కగా, వాగుల మీది చిన్న వంతెనలు దాటుతూ, మరొక గ్రామపు చర్చి గోపురం దాకా నిరాటంకంగా పరుగెత్తగలడు. దారిలోని పొలాలు అతనివి కావు. తోటలూ అతనివి కావు. అయినా ఆ బాటపై అతనిని అడ్డగించే హక్కు ఎవరికీ లేదు. ఇంగ్లండు, వేల్సు దేశాలలో కలిపి ఇటువంటి బాటల పొడవు సుమారు 2,25,000 కిలోమీటర్లు. ఈ సౌలభ్యం ప్రకృతి ఒక్కటే ఇచ్చిన వరం కాదు. దీని వెనుక నేల స్వభావం ఉంది. వందల సంవత్సరాల గ్రామీణ జీవనం ఉంది. కొందరు సామాన్యులు జైలుకు వెళ్లి సాధించిన హక్కు ఉంది.

దక్షిణ ఇంగ్లండు భూమి సమతలం కాదు. అలాగని కఠినమైన పర్వతమూ కాదు. శాంతించిన సముద్రంలోని అలల వలె మెల్లగా లేచి మెల్లగా వంగే గుట్టలు ఆ ప్రాంతానికి ప్రత్యేక సౌందర్యాన్ని ఇస్తాయి. ఈ గుట్టలలో చాలావరకు సుద్దతో ఏర్పడినవి. సుమారు ఏడు నుండి పది కోట్ల సంవత్సరాల క్రితం ఆ ప్రాంతమంతా వెచ్చని సముద్రం. అందులో జీవించిన అతి సూక్ష్మ జీవుల గుల్లలు అడుగున పేరుకొని సుద్దగా మారాయి. తరువాత భూగర్భ కదలికల వల్ల ఆ పొరలు పైకి లేచి గుట్టలయ్యాయి. సుద్ద నీటిని నిలువనీయదు. వాన నీరు త్వరగా లోపలికి ఇంకిపోతుంది. అందువల్ల గుట్టల శిఖరాలు పొడిగా ఉంటాయి. పూర్వం లోయలు బురదతో, దట్టమైన అడవితో నిండి ఉన్నప్పుడు బాటసారులు ఈ శిఖరాల వెంబడే ప్రయాణించారు. నేడు పరుగు తీసేవారికి ప్రియమైన ‘రిడ్జ్‌వే’ అలా ఏర్పడినదే. ఓవర్టన్ హిల్ నుండి ఐవింగ్‌హో బీకన్ వరకు 139 కిలోమీటర్ల పొడవున సాగే ఈ బాట కనీసం ఐదువేల సంవత్సరాలుగా వాడుకలో ఉందని చెబుతారు. దారిలో అఫింగ్టన్ గ్రామ సమీపాన, పచ్చిక తొలగించి సుద్దతో తీర్చిన బ్రహ్మాండమైన తెల్లగుర్రం కొండవాలుపై కనిపిస్తుంది. సుమారు 110 మీటర్ల పొడవైన ఆ గుర్రం వయస్సు దాదాపు మూడువేల సంవత్సరాలు. కలుపు పెరిగి చెరిగిపోకుండా తరతరాల గ్రామస్థులు దానిని శుభ్రం చేస్తూ రావడం వల్లనే అది నిలిచింది. బాటలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

సుద్దకొండలకు వాయవ్యంగా కాట్స్‌వోల్డ్ సీమ ఉన్నది. ఇక్కడి శిల సున్నపురాయి. దానిలోని ఇనుప లవణాల వల్ల రాయి తేనెరంగులో మెరుస్తుంది. ఇండ్లు, గోడలు, చర్చిలు, వంతెనలు అన్నీ ఆ రాతితోనే కట్టినందున గ్రామాలు నేలలోంచి మొలిచినట్లు కనిపిస్తాయి. మధ్యయుగాలలో ఈ ప్రాంతపు గొర్రెల ఉన్నికి ఐరోపా అంతటా గిరాకీ ఉండేది. ఉన్ని వర్తకులు గడించిన ధనంతో నిర్మించిన విశాలమైన చర్చిలు చిన్న చిన్న గ్రామాలలో సైతం నేటికీ తల ఎత్తుకొని నిలిచి ఉన్నాయి. చిప్పింగ్ క్యాంప్డెన్ అనే ఊరి నుండి బాత్ నగరం వరకు 164 కిలోమీటర్లు సాగే ‘కాట్స్‌వోల్డ్ వే’ ఈ గ్రామాలను పూసలదండ వలె కలుపుతుంది. 2007లో దానికి జాతీయ బాటగా ప్రారంభోత్సవం జరిగింది.

ఈ బాటలోని తొలి భాగం ఒక ఉదయపు పరుగుకు చక్కగా సరిపోతుంది. క్యాంప్డెన్ అంగడివీధి నుండి బయలుదేరితే రెండు కిలోమీటర్ల లోపే డోవర్స్ హిల్ అనే గుట్ట వస్తుంది. అక్కడ నేల ఒక్కసారిగా కిందికి వాలి, ఈవ్‌షమ్ లోయలోని పండ్లతోటలు, పొలాలు దూరం దాకా పరచుకొని కనిపిస్తాయి. ఆ తరువాత పచ్చికబయళ్ల మీదుగా బాట సాగి బ్రాడ్‌వే టవర్‌ను చేరుతుంది. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో కట్టిన ఈ బురుజు సముద్రమట్టానికి 312 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి గొర్రెలు మేసే వాలు మీదుగా దిగితే బ్రాడ్‌వే గ్రామం. మొత్తం దూరం సుమారు పది కిలోమీటర్లు. ఈ దూరంలోనే ఎక్కుడు, దిగుడు, పచ్చిక, రాతి గోడ, పొలం, గ్రామవీధి అన్నీ కాళ్లకు పరిచయమవుతాయి.

పైన పేర్కొన్న డోవర్స్ హిల్‌కు పరుగుల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది. 1612 ప్రాంతంలో రాబర్ట్ డోవర్ అనే న్యాయవాది ఆ గుట్టపై ఏటా క్రీడోత్సవం జరిపించడం ఆరంభించాడు. పరుగు, దూకుడు, కుస్తీ, గుర్రపు పందేలు వంటి పోటీలకు ధనికులు, పేదలు కలిసి వచ్చేవారు. ఆధునిక ఒలింపిక్స్‌కు ఎంతో పూర్వమే ఆ ఉత్సవానికి ‘ఒలింపిక్ క్రీడలు’ అన్న పేరు వచ్చింది. అంతర్యుద్ధ కాలంలో ఆగినా, తరువాత మళ్లీ సాగిన ఆ ఉత్సవం 1852లో నిలిచిపోయింది. అంతవరకు ఉమ్మడిగా ఉన్న ఆ భూమిని విభజించి కంచెలు వేయడమే అందుకు ప్రధాన కారణం. నేల చేజారినప్పుడు ఆట కూడా చేజారింది. వందేండ్లకు పైగా గడచిన తరువాత, ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో, స్థానికులు ఆ ఉత్సవాన్ని పునరుద్ధరించారు.

డోవర్స్ హిల్‌కు పట్టిన గతి ఆ ఒక్క గుట్టదే కాదు. పూర్వం ఇంగ్లండు గ్రామాలలో విశాలమైన ఉమ్మడి భూములు ఉండేవి. వాటిలో పేదలు పశువులను మేపుకొనేవారు; వంటచెరకు ఏరుకొనేవారు. 1604 నుండి 1914 వరకు బ్రిటిష్ పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. వాటి ద్వారా సుమారు 68 లక్షల ఎకరాల భూమి వ్యక్తుల సొంత ఆస్తిగా మారింది. ఇది ఇంగ్లండు విస్తీర్ణంలో అయిదవ వంతు. నేడు పరుగు తీసేవారి కన్నులకు ముచ్చటగొలిపే రాతిగోడలు, పొదల కంచెలు అనేకం ఆ కాలంలో లేచినవే. అందమైన ఆ గోడ ఒకనాడు ఎవరో ఒక పేదవాని దారికి అడ్డుగా వచ్చిందన్న సంగతి మరువరానిది. కంచెలు పెరిగినా కొన్ని బాటలు మిగిలాయి. పొలానికి, చర్చికి, మరకు, అంగడికి, బడికి జనం నిత్యం నడిచే దారులను మూసివేయడం భూస్వాములకు కూడా సులభం కాలేదు. తెలుగు పల్లెలలోని పుంతల వలె, అవి నేల ఎవరిదైనా నడక అందరిదీ అన్న సూత్రం మీద నిలిచాయి.

పరుగును క్రీడగా తీర్చిదిద్దడంలో ఆ దేశపు పాఠశాలలకు పాత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో ష్రూస్‌బరీ, రగ్బీ వంటి పాఠశాలల విద్యార్థులు ‘కుందేలు-వేటకుక్కలు’ అనే ఆట ఆడేవారు. కుందేలు పాత్ర ధరించిన ఇద్దరు విద్యార్థులు కాగితపు ముక్కలు జల్లుతూ ముందుగా పరుగెత్తేవారు. మిగిలినవారు ఆ ముక్కల జాడ పట్టుకొని, వాగులు, కంచెలు, దుక్కినేలలు దాటుతూ వెంటాడేవారు. ఈ ఆట నుండే ‘క్రాస్ కంట్రీ’ పరుగు పుట్టింది. 1868లో లండన్ సమీపాన స్థాపించిన ‘థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్’ ఈ క్రీడకు సంబంధించిన సంఘాలలో అతి ప్రాచీనమైనది. దాని పేరులో కుందేలు, వేటకుక్కలు నేటికీ ఉన్నాయి.

‘స్టీపుల్‌చేజ్’ అన్న పదానికి కూడా పల్లెబాటలతో సంబంధం ఉన్నది. స్టీపుల్ అంటే చర్చి గోపుర శిఖరం. ఐర్లండులో, ఇంగ్లండులో ఒక ఊరి చర్చి నుండి మరొక ఊరి చర్చి శిఖరాన్ని గురిగా పెట్టుకొని, దారిలోని గోడలను, వాగులను దూకుతూ గుర్రాలపై పందెం వేసుకొనేవారు. అదే తరువాత మనుషుల పరుగుగా మారింది. నేటి 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో ఉండే 28 అడ్డుకంబాలు ఆనాటి కంచెలకు, 7 నీటి మడుగుల దూకుళ్లు ఆనాటి వాగులకు ప్రతిరూపాలు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో భారతీయుడైన అవినాష్ సాబ్లే ఈ పోటీలో స్వర్ణపతకం సాధించాడు. అతడు దాటిన అడ్డుకంబాల వెనుక ఎక్కడో ఒక పల్లె కంచె ఛాయ ఉన్నది.

పల్లెబాటల చరిత్రలో 1932 చిరస్మరణీయమైన సంవత్సరం. మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల కర్మాగారాలలో వారమంతా పొగలో పనిచేసిన కార్మికులకు ఆదివారంనాడు కొండగాలి పీల్చాలన్న కోరిక సహజం. ఆ రెండు నగరాల నడుమనే పీక్ డిస్ట్రిక్ట్ కొండలు ఉన్నాయి. అయితే వాటిలో అధికభాగం భూస్వాములు పక్షులవేటకు ప్రత్యేకించుకొన్న బీడుభూములు. అక్కడ కాలు మోపిన వారిని కావలివాండ్రు తరిమివేసేవారు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే ఇరవై ఏండ్ల యువకుని నాయకత్వంలో కొన్ని వందల మంది హేఫీల్డ్ గ్రామం నుండి బయలుదేరి, నిషేధాన్ని ధిక్కరించి కిండర్ స్కౌట్ కొండను ఎక్కారు. కావలివారితో కొద్దిపాటి తోపులాట జరిగింది. ఐదుగురు యువకులకు రెండు నెలల నుండి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడింది. కొండపై నడిచినందుకు పడిన ఈ శిక్ష అంతవరకు పట్టించుకోని ప్రజలను కూడా కదిలించింది. అదే ఏడు పార్లమెంటు బాటల హక్కుపై ఒక చట్టం చేసింది. ఒక దారిని ప్రజలు ఇరవై సంవత్సరాలపాటు అడ్డులేకుండా హక్కుగా వాడుకొంటే, దానిని ప్రజల బాటగా భావించాలన్నది ఆ చట్టంలోని ముఖ్యాంశం. రుజువు చేయవలసిన భారం అంతవరకు నడిచేవారిపై అధికంగా ఉండేది. ఈ నిబంధన దానిని తగ్గించింది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1949లో వచ్చిన చట్టం జాతీయవనాల స్థాపనకు మార్గం చూపింది. ప్రతి జిల్లాలోని బాటలను గుర్తించి అధికారిక పటాలు తయారుచేయాలని ఆదేశించింది. 1951లో తొలి జాతీయవనంగా ప్రకటించినది పీక్ డిస్ట్రిక్టే కావడం గమనార్హం. 1965 ఏప్రిల్ 24న, అనగా కిండర్ స్కౌట్ ఘటన జరిగిన తేదీననే, ఎడేల్ గ్రామం నుండి స్కాట్లండు సరిహద్దు దాకా సాగే 431 కిలోమీటర్ల ‘పెనైన్ వే’ ప్రారంభమైంది. 2000లో వచ్చిన మరొక చట్టం గుర్తించిన కొండభూములలో, బీడులలో బాటను విడిచి కూడా స్వేచ్ఛగా సంచరించే హక్కును ప్రజలకు ఇచ్చింది. 2002లో కిండర్ స్కౌట్ ఘటనకు డెబ్బై ఏండ్లు నిండిన సందర్భంలో నాటి భూస్వామి మనుమడైన డెవన్‌షైర్ డ్యూక్ తన తాతగారి వైఖరికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఈ హక్కు పనిచేసే తీరు తెలుసుకోదగినది. బాట ఉన్న భూమి యజమానిదే. దానిపై రాకపోకల హక్కు మాత్రమే ప్రజలది. పాదచారుల బాటను పసుపు బాణంతో, గుర్రాలకు, సైకిళ్లకు కూడా అనుమతి గల బాటను నీలి బాణంతో సూచిస్తారు. జాతీయ బాటలకు ఓక్ చెట్టు కాయ గుర్తు. ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థ 1:25,000 కొలతతో ముద్రించే పటాలలో ఈ బాటలన్నీ ఆకుపచ్చని చిన్న గీతలుగా కనిపిస్తాయి. రైతు చేనుకు అడ్డంగా పోయే బాటను దున్నవచ్చు; కాని విత్తనం వేయడానికి తొలిసారి దున్నిన తరువాత 14 రోజులలోగా బాటను తిరిగి నడవడానికి అనువుగా చేయాలి. పైరు పెరిగినప్పుడు పాదచారుల బాట కనీసం ఒక మీటరు వెడల్పున తెరిచి ఉండాలి. కంచె అడ్డు వచ్చిన చోట పశువులు దాటలేని విధంగా, మనుషులు దాటగలిగే విధంగా మెట్లు గాని చిన్న ద్వారం గాని ఉంటుంది. దాటేవారికీ బాధ్యతలు ఉన్నాయి. తెరిచిన ద్వారాన్ని మూయాలి, పైరు తొక్కరాదు, గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కలను తాడుతో పట్టుకోవాలి. దూడలతో ఉన్న ఆవుల మంద ఎదురైతే పరుగు ఆపి, దూరంగా నెమ్మదిగా నడిచిపోవాలి. హక్కు, మర్యాద జోడెడ్ల వలె కలిసి నడిచినప్పుడే బాట సాగుతుంది.

పల్లెబాటపై పరుగు మైదానపు పరుగు వంటిది కాదు. అక్కడ ప్రతి అడుగూ భిన్నమైనది. పచ్చిక మెత్తన, రాయి గట్టిది, శీతకాలపు బంకమట్టి బూట్లను పట్టి లాగుతుంది. కనుక చూపు కొన్ని అడుగుల ముందు ఉండాలి. ఎక్కుడులో అడుగు చిన్నది కావాలి. నిటారైన చోట నడవడం చేతగానితనం కాదు. అడుగున పట్టు గల బూట్లు, పటం, వానకోటు అవసరం. నిమిషాలు లెక్కించే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎగుడుదిగుడు నేలపై చీలమండలోని చిన్న కండరాలు సైతం పనిచేస్తాయి. శరీరం సమతౌల్యం నేర్చుకొంటుంది.

ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్‌లో ఈ పరుగు మరింత కఠినరూపం ధరించింది. కెజిక్ పట్టణంలో అతిథిగృహం నడిపిన బాబ్ గ్రహం అనే వ్యక్తి 1932 జూన్‌లో 42 కొండశిఖరాలను 23 గంటల 39 నిమిషాలలో చుట్టివచ్చాడు. సుమారు 106 కిలోమీటర్ల ఆ పరుగును 1960 వరకు మరెవ్వరూ 24 గంటలలో పూర్తి చేయలేకపోయారు. వాస్‌డేల్ లోయలో గొర్రెలు పెంచిన జాస్ నేలర్ 1975లో ఒక్క రోజులో 72 శిఖరాలను అధిరోహించాడు. మంద వెంట కొండలెక్కిన కాళ్లకు వేరే శిక్షణశాల అవసరం కాలేదు. 2019 జనవరిలో, మంచు, చీకటి, చలిగాలుల నడుమ, పెనైన్ వే పొడవునా జరిగిన పోటీలో జాస్మిన్ పారిస్ అనే మహిళ పురుషులను కూడా దాటి ప్రథమస్థానంలో నిలిచింది. ఆమె తీసుకొన్న సమయం 83 గంటల 12 నిమిషాలు. అప్పటికి ఆమె చంటిబిడ్డ తల్లి. దారిలోని విడిదులలో బిడ్డ కోసం పాలు తీసి, మళ్లీ పరుగు కొనసాగించింది.

ఇంత ఘనచరిత్ర గల బాటలకూ ప్రమాదం లేకపోలేదు. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి సోకినప్పుడు దేశమంతటా పల్లెబాటలను కొన్ని నెలలపాటు మూసివేశారు. బాటసారుల రాకపోకలు ఆగిపోగా గ్రామాలలోని సత్రాలు, దుకాణాలు తీవ్రంగా నష్టపోయాయి. బాటలు గ్రామాలకు అలంకారం మాత్రమే కాదని, అన్నం పెట్టే వనరులని నాడు అందరికీ అర్థమైంది. మరొక ప్రమాదం నిశ్శబ్దమైనది. 1949 చట్టం ప్రకారం తయారైన అధికారిక పటాలలో ఎన్నో పాత బాటలు చేరలేదు. వాటిని నమోదు చేయడానికి 2000 చట్టం 2026 జనవరి 1ని గడువుగా విధించింది. ఆ తరువాత అనేక బాటలపై హక్కు శాశ్వతంగా పోతుందన్న ఆందోళనతో ‘రాంబ్లర్స్’ సంస్థకు చెందిన వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు 2020లో పాత పటాలను, కొత్త పటాలను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఇంగ్లండు, వేల్సులలో సుమారు 79,000 కిలోమీటర్ల బాటలు పటాలకెక్కలేదని వారు తేల్చారు. ఇంగ్లండులో ఆ గడువును రద్దు చేయనున్నట్లు ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. అయితే గడువు తొలగినంత మాత్రాన పొదలు కప్పిన బాట తానుగా తెరుచుకోదు. దానిపై ఎవరో ఒకరు నడవాలి.

ఈ బాటల విశిష్టత అంతా ఇక్కడనే ఉన్నది. కోటకు రాయి కావాలి, విగ్రహానికి శిల్పి కావాలి. బాటకు కావలసినవి పాదాలు మాత్రమే. నడిచేవారు ఉన్నంతకాలం గడ్డి వెనుకకు తగ్గుతుంది. నడక ఆగిన కొద్ది సంవత్సరాలకే ముండ్లపొదలు ఆ చోటును ఆక్రమిస్తాయి. ఆపై జ్ఞాపకం చెదురుతుంది. చివరకు హక్కు మాసిపోతుంది. ‘కొత్త పుంతలు తొక్కడం’ అన్న తెలుగు నుడికారంలో పుంత ఉన్నది, తొక్కడమూ ఉన్నది. పుంతలు కొత్తవైనా పాతవైనా తొక్కేవారి వల్లనే బతుకుతాయి. తెల్లవారుజామున మంచు తడిసిన పచ్చికపై పరుగు తీసే సామాన్య గ్రామస్థుడు తన ఆరోగ్యాన్ని మాత్రమే కాపాడుకోవడం లేదు. తనకు ముందు నడిచినవారు విడిచివెళ్లిన ఆస్తిని, తన తరువాత రానున్నవారికి అడుగు అడుగునా అప్పగిస్తున్నాడు.